గురువారం పిడుదు

మా వీధి గడియారాల బాబాయికి జీవితంలో ఉన్నది ఒకటే బలహీనత. పొట్టి కుక్క ఎదురైతే, దాని చెవి తిరగేసి లోపల పిడుదు ఉందో లేదో చూడకుండా ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయేవారు. అంటుకున్న ఇంట్లోంచి పారిపోతున్నా సరే, గుమ్మంలో పొట్టి కుక్క పడుకుని ఉంటే ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, మంటల వైపు చెయ్యి చూపించి "ఒక్క నిమిషం" అనే మనిషి ఆయన.

పిడుదంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కొందరు గోమారి అంటారు. కుక్క చర్మానికి కరుచుకుని రక్తం తాగే పురుగు. ఆకలిగా ఉన్నప్పుడు నువ్వుగింజంత ఉంటుంది, కడుపు నిండాక బఠాణీగింజంత అవుతుంది. కదలకుండా ఒకేచోట కూర్చుని అంత ఒళ్ళు చేసిన ప్రాణిని నేను ఇంకొకరినే చూశాను. వారు మా లైబ్రరీలో నా పై అధికారి.

పెద్ద కుక్కల జోలికి బాబాయి పోయేవారు కాదు. ఎందుకని అడిగితే, "పెద్ద కుక్కకి ప్రతి గోడా చుట్టమే. వెళ్ళి వీపు రుద్దుకుంటుంది. పొట్టిదానికి ఎవరున్నారు? దాని కాలు చెవి దాకా వెళ్ళేసరికి దురద తోక దగ్గరికి పోతుంది" అనేవారు. చెబుతూనే వీధికి ఆ చివర ఏదో తెల్లగా కదిలితే, మెడ సాచి చూసి, అది గాలికి కొట్టుకుపోతున్న సంచీ అని తేలాక నిట్టూర్చేవారు.

ఆయన దుకాణం వీధి మలుపులో మెట్ల కింద గది. ఇద్దరు లోపల ఉంటే మూడోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి. గోడల మీద పదమూడు గడియారాలు. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నా ఉద్యోగం అంటించిన జబ్బు. పదమూడు గడియారాలు, పదమూడు టైములు. ఏదో ఒకటి విప్పి బాగు చేస్తుండగా వీధిలో పొట్టి కుక్క పోవడం, ఈయన "ఒక్క నిమిషం" అని లేవడం, తిరిగొచ్చాక ఏ చక్రం ఎక్కడ వదిలారో గుర్తులేక ఇంకో గడియారం విప్పడం. మధ్యాహ్నం పూట ఆ గదిలో కూర్చుంటే ఒక గోడ మీద మూడున్నర, ఇంకో గోడ మీద ఆరు, తలుపు పైన ఎప్పుడూ పన్నెండు. ఎండ లోపలికి వచ్చి ఆ అద్దాల మీద పడి, పైకప్పు మీద చిన్న చిన్న వెలుతురు చేపల్లా ఈదేది. టిక్కులన్నీ ఒకదాని మీద ఒకటి పడి వాన చప్పుడు అయ్యేవి. ఎంత పరుగుల మనిషైనా ఆ వానలో కాసేపు కూర్చుంటే, తను ఎక్కడికి బయల్దేరాడో మరిచిపోయేవాడు.

కుడికంటికి రబ్బరు పట్టీతో భూతద్దం కట్టుకుని ఉండేవారు. చొక్కా జేబులో చిన్న పట్టకారు, స్పిరిట్ పోసిన వేలెడంత గాజుసీసా. వీధిలో పిల్లలు ఆయన పుట్టడమే ఆ భూతద్దంతో పుట్టారని నమ్మేవారు. పెద్దవాళ్ళు ఇంకో రకంగా గౌరవించారు. ఆయన నిమిషాన్ని ఒక కొలతగా వాడుకున్నారు.

"బస్సు ఎప్పుడొస్తుందండీ?"

"ఒక్క నిమిషంలో వస్తుంది."

"మామూలు నిమిషమా, బాబాయి నిమిషమా?"

"బాబాయిదే. మీరు ఇంటికెళ్ళి భోంచేసి రండి."

బస్సంటే గుర్తొచ్చింది. ఒకరోజు స్టాపులో ఆగిన బస్సు కిటికీ పక్కన ఒక ముసలావిడ బుట్టలో పొట్టి కుక్కను పెట్టుకుని కూర్చుంది. బాబాయి ఎవరినో సాగనంపడానికి వచ్చారు. సాగనంపాల్సిన మనిషి ఇంకా కిందే ఉన్నాడు, ఈయన ఎక్కేశారు.

"పెద్దాయనా, ఎక్కుతావా దిగుతావా?" అన్నాడు డ్రైవరు.

"ఒక్క నిమిషం బాబూ. మెడ దొరికింది."

"ఎవరి మెడ?" అని వెనక సీట్లో కునుకు తీస్తున్న ఆయన గభాల్న లేచాడు.

మెడ పిడుదుదని తెలిశాక అందరూ చుట్టూ మూగారు. ఒకాయన కిరసనాయిలు పోయమన్నాడు. ఒకావిడ అగ్గిపుల్లతో అంటించమంది. బాబాయి తలెత్తకుండానే పాఠం మొదలుపెట్టారు. "పోయకూడదు, కాల్చకూడదు, నలపకూడదు, మెలితిప్పకూడదు. మెలితిప్పితే మూతి లోపలే ఉండిపోయి చీము పడుతుంది. పట్టకారుని చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకోవాలి. తిన్నగా, నెమ్మదిగా లాగాలి. అది తనంతట తనే వదులుతున్నానని అనుకోవాలి." ఈ పాఠం ముగిసేసరికి బస్సు చివరి స్టాపులో ఉంది. సాయంత్రం ఎవరో వచ్చి పిన్నికి కబురు చెప్పారు: బాబాయి క్షేమం, ఒక చెప్పు మాత్రం మన స్టాపులోనే ఉంది.

దుకాణానికి ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోలో ఇప్పటికీ ఒక ఫోటో వేలాడుతూ ఉంటుంది. తాత, మామ్మ, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మామ్మ ఒళ్ళో కుక్క. ఫోటోగ్రాఫరు "నవ్వండి" అన్న క్షణానికి ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు. అందరూ ఒళ్ళో కుక్క చెవిలోకి చూస్తున్నారు. కింది మూల నుంచి సగం బట్టతల, దానికి రబ్బరు పట్టీ. మళ్ళీ తీస్తానంటే ఆ ఇంటివాళ్ళు వద్దన్నారట. "మేమందరం ఒకే వైపు చూసింది ఆ ఒక్కసారే" అన్నారట.

పిన్ని మాత్రం ఊరుకునేది కాదు. "నలభై ఏళ్ళ కాపురంలో నా తలకేసి ఒక్కసారి ఇంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు. పొట్టి కుక్కై పుట్టాల్సింది నేను" అనేది. బాబాయి ఒకసారి ఆ మాటకు జాలిపడి, భూతద్దం సర్దుకుని, నిజంగానే ఆమె తల పాయ తీసి చూశారు. వారం రోజులు ఆ ఇంట్లో మాటల్లేవు.

జంతువుల డాక్టరుకు కూడా ఆయనంటే సగం కోపం, సగం భయం. "నా దగ్గరికి వచ్చే ప్రతి పొట్టి కుక్కా ముందు ఆయన దగ్గర టికెట్టు కోయించుకుని వస్తుంది" అనేవాడు. బాబాయి దానికి సమాధానం దాచిపెట్టుకుని ఉండేవారు. "తీయడం నా వంతు. రాకుండా మందేయడం నీ వంతు. పిడుదు జ్వరం వచ్చి చిగుళ్ళు తెల్లబడితే అప్పుడు ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడాలి. అందుకే ముందే చూస్తాను."

ఇక నా సంగతి.

నేనూ అక్కా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అక్క బట్టలు కుట్టేది, నేను లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఇంట్లో మాట్లాడే పని ఆమెది, చదివే పని నాది. ఎవరైనా నన్ను పలకరిస్తే అక్కే బదులిచ్చేది, నేను పేజీ తిప్పేదాన్ని. కుక్క కూడా అక్కదే. రెండు దోసిళ్ళలో పట్టేంత తెల్లటి కుక్క, ముఖం మీద రెండు నల్లటి కళ్ళు కుట్టినట్టు ఉండేవి. అందుకని దానికి బొత్తాం అని పేరు పెట్టింది.

ఓ వానాకాలం చివర అక్క పోయింది. నేను సెలవు పెట్టి తలుపు వేసుకున్నాను. నెల రోజులు ఒకే పుస్తకంలో నలభై ఏడో పేజీ చదివాను. ఆ పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, అందులో ఏముందో మాత్రం తెలియదు.

బొత్తాం కుట్టుమిషను పెడలు మీద పడుకునేది. అది అటునుంచి ఇటు ఒత్తిగిల్లినప్పుడల్లా పెడలు కదిలి, పైన చక్రం పావు చుట్టు తిరిగేది. ఆ చప్పుడుకి నేను ప్రతిసారీ తలెత్తేదాన్ని. మిషను ముందు ఖాళీ స్టూలు కనిపించేది. రోజుకు ఇరవైసార్లు అలా తలెత్తడం నా వల్ల కాలేదు. కుక్కను ఇచ్చేద్దామనుకున్నాను.

తీసుకుంటానన్నది రొట్టెల దుకాణం ఆవిడ. అక్కకు స్నేహితురాలు, మంచి మనిషి. షరతు ఒకటే. "పిండీ రొట్టెలూ ఉన్న ఇల్లమ్మా. ఒక్క పిడుదు కూడా ఉండకూడదు. గడియారాల బాబాయి చూసి సరే అంటే ఆ సాయంత్రమే పంపించు" అంది.

ఆ మాటతో బొత్తాంని తువ్వాలులో చుట్టుకుని మెట్ల కింద గదికి వెళ్ళాను. ఆ రోజుదాకా ఆ కుక్కను నేను తాకి ఎరగను. వెళ్ళేముందు నేనే ఓసారి పరీక్ష చేశాను, తయారుగా ఉండాలి కదా.

"బాబాయ్ గారూ, దీని పొట్ట మీద ఎనిమిది ఉన్నాయండి. పట్టుకుని లాగాను, రాలేదు. అరిచింది."

"ఎనిమిదా? ఎక్కడెక్కడ?"

"రెండు వరసల్లో. ఇటు నాలుగు, అటు నాలుగు. చాలా పద్ధతిగా ఉన్నాయి."

బాబాయి భూతద్దం పైకి జరిపి, రెండు కళ్ళతోనూ నన్నే చూశారు. "అమ్మాయ్, పిడుదులు వరస కట్టి కూర్చోవు. అది ఆడకుక్క."

నాకప్పుడు యాభై నాలుగేళ్ళు. వేల పుస్తకాలు చదివాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పదమూడు గడియారాల వైపూ చూశాను. ఒక్కటీ సరైన టైము చెప్పి ఆదుకోలేదు.

బాబాయి నవ్వలేదు. బొత్తాంని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని "పాపం, తల్లి ఎంత ఓర్చుకుందో" అన్నారు. చెవి మడతల్లో, వేళ్ళ సందుల్లో, చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో వెతికారు. పదకొండు దొరికాయి. సీసాలో ఒక్కొక్కటీ మునుగుతుంటే బొత్తాం కళ్ళు మూతలు పడ్డాయి. ఆ టిక్కుల వానలో నాకూ పడ్డాయి. నెల రోజుల్లో నేను నిద్రపోయింది ఆ దుకాణంలో స్టూలు మీదే.

లేచేసరికి బాబాయి ఎప్పుడు వెళ్ళి వచ్చారో, డాక్టరు దగ్గర్నుంచి కుక్కకు వేసే మందు చుక్కలు తెచ్చి పెట్టారు.

"ఇంక శుభ్రమైనట్టేనా? రొట్టెల ఆవిడకి చెప్పమంటారా?"

"అప్పుడేనా? పిడుదు సగం కాపురం కుక్క మీద, సగం కాపురం ఇంట్లో. గోడ పగుళ్ళలో వేలకు వేలు గుడ్లు పెడుతుంది. ఇల్లు చూడాలి. గురువారం నాలుగింటికి వస్తాను."

"మీ గడియారాల్లో ఏ నాలుగింటికి?"

"ఏదో ఒక నాలుగింటికి."

గురువారం వచ్చారు. గడియారాలు బాగుచేసే మనిషికి నా ఇల్లు విప్పేసిన గడియారంలా కనిపించినట్టుంది. "ఈ కిటికీలు మూసి ఎన్నాళ్ళయింది? చీకటంటే పిడుదుకి పుట్టిల్లు. తెరువు. ఈ చాప ఎండలో వెయ్యి. ఈ బీరువా జరుపు, వెనకాల పగులు ఉంటుంది." జరిపాను. పగులు లేదు. "అయితే ఆ బీరువా" అన్నారు. ఆ రోజు నాలుగు దొరికాయి. రెండో గురువారం మూడు, మూడో గురువారం రెండు. నాలుగో గురువారం ఒకటి.

"అయితే వచ్చే వారానికి అయిపోతుందన్నమాట" అన్నాను.

"చూద్దాం" అన్నారు బాబాయి.

అయిదో గురువారం ఒకటి దొరికింది. ఆరో గురువారం ఒకటి. కుక్కను తిప్పి కూర్చోబెట్టి, నాకు వీపు పెట్టి కాసేపు వెతికి, "ఇదిగో, దొంగ" అని తెల్లకాగితం మీద పెట్టేవారు. ఆరోవారం నేను ఉండబట్టలేక భూతద్దం అడిగి చూశాను. అలవాటు చొప్పున కాళ్ళు లెక్కపెట్టాను.

"బాబాయ్ గారూ, పిడుదుకి ఎనిమిది కాళ్ళని పుస్తకంలో ఉంది. దీనికి ఏడే ఉన్నాయి. ఎడమవైపు రెండోది లేదు."

ఆయన చప్పున భూతద్దం లాక్కున్నారు. "చదువుకున్నవాళ్ళతో ఇదే గొడవ. ప్రతిదీ లెక్కపెడతారు. ఎక్కడో పోగొట్టుకుని ఉంటుంది, పాపం" అని సీసాలో వేసి మూత బిగించేశారు. "కుక్కను తిప్పుతున్నావా?"

"పెరట్లో వదులుతున్నానండి."

"పెరట్లో గడ్డి ఉంది. గడ్డి కొసన కూర్చుని ఎదురుచూస్తుంది పిడుదు. సిమెంటు బాట మీదే తిప్పాలి, పొద్దునా సాయంత్రం."

మా వీధిలో సిమెంటు బాట ఒక్కటే ఉంది. అది మా లైబ్రరీ గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగుతుంది.

ఆ బాట మీద తొలిరోజుల్లో తల వంచుకుని నడిచాను. పొద్దున్నే పలచటి ఎండ, ముందు తాడు చివర తెల్లటి బొత్తాం. రాత్రి చదివిన కథ తెల్లారాక సగం గుర్తున్నట్టు వీధంతా సగమే కనిపించేది. కుక్క ఉన్న మనిషిని జనం ఊరికే పోనివ్వరని నాకు అప్పుడే తెలిసింది. "ఎంత వయసండీ?" అని అడుగుతారు. కుక్క చెప్పదు, అక్క లేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. పదో వారానికి గుమ్మం దాకా వెళ్ళాను. నా పై అధికారి కుర్చీలోంచి లేవకుండానే, "వచ్చారుగా, ఈ తిరిగొచ్చిన పుస్తకాలు ఓ గంట సర్దిపెట్టండి" అన్నారు. సర్దాను. మర్నాడు ఇంకో గంట. బొత్తాం నా బల్ల కింద పడుకుంది.

రొట్టెల దుకాణం ఆవిడ అడుగుతూనే ఉంది. "ఏమ్మా, అయిందా?"

"ఇంకొకటి ఉందటండీ."

"ఒక్కటేగా. తీసెయ్యమను."

"తీస్తూనే ఉన్నారు. వారానికొకటి."

పధ్నాలుగో గురువారం. కిటికీలోంచి నాలుగింటి ఎండ వచ్చి కుట్టుమిషను మీద పసుపు బట్టలా పరుచుకుంది. బాబాయి అప్పుడే సీసా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, భూతద్దం విప్పి తుడుచుకుంటున్నారు. బొత్తాం ఇంకా పెడలు మీదే ఉంది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. అంతలో వీధిలో సన్నటి మొరుగు వినిపించింది. కొత్త గొంతు. బాబాయి మొహం వెలిగింది.

"ఒక్క నిమిషం" అని, భూతద్దం లేకుండానే పరుగెత్తారు.

నేను ఆ భూతద్దం కంటికి పెట్టుకున్నాను. నా అరచేయి దున్నిన పొలంలా కనిపించింది. బల్ల చెక్కలో నది ఉంది. అక్క ఎప్పుడో వదిలిన ఎర్రదారం పోగు ఒకటి చెక్క సందులో ఉంది, తాడంత లావుగా. దాన్ని కాసేపు చూశాను. తర్వాత సీసా చూశాను.

లోపల ఒకే ఒక్క పిడుదు. ఇవాళ ఇంకా ఎవరూ ఏమీ తీయలేదు కదా. స్పిరిట్లో నాని నాని పాత పుస్తకం అట్టలా రంగు వెలిసిపోయింది. ఎడమవైపు రెండో కాలు లేదు. రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడు.

అంటే వారం వారం మా ఇంట్లో దొరుకుతున్నది ఒకే పిడుదు. అది గోడ పగుళ్ళలోంచి రాలేదు, గడ్డి కొసనుంచి రాలేదు. బాబాయి జేబులో కూర్చుని వచ్చి, మళ్ళీ జేబులోనే వెళ్ళిపోతోంది.

కోపం రావాలి. వచ్చింది కూడా, ఒక్క నిమిషం పాటు. మామూలు నిమిషం. అప్పుడే బొత్తాం ఒత్తిగిల్లింది. చక్రం పావు చుట్టు తిరిగింది. నేను తలెత్తి చూశాను. స్టూలు ఖాళీగానే ఉంది. దాని కింద ఒక తెల్లటి తోక రెండుసార్లు ఊగింది. ఆ చప్పుడు రేపట్నుంచి ఇంట్లో ఉండదనుకుంటే, గది మళ్ళీ కిటికీలు మూసుకున్నట్టయింది.

"ఏమ్మా, ఇవాళైనా శుభ్రమేనా?" గుమ్మంలో రొట్టెల దుకాణం ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ వెనకే రొప్పుతూ బాబాయి వచ్చారు. బల్ల మీద భూతద్దం లేకపోవడం చూశారు, అది నా కంటికి ఉండటం చూశారు, నా చేతిలో సీసా చూశారు. భూతద్దంలోంచి ఆయన మొహం ఇంత పెద్దదై, మసకగా, తప్పు చేసి దొరికిన కుక్కపిల్లలా కనిపించింది.

సీసా ఎత్తి ఆవిడకు చూపించాను. "లేదండీ. ఇంకొకటి దొరికింది."

బాబాయి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇంకానా?" అంది ఆవిడ. "పధ్నాలుగు వారాలు. ఇది కుక్కా, పిడుదుల హాస్టలా?"

"మొండి జాతమ్మా" అన్నారు బాబాయి, గొంతు సవరించుకుని. "ఏళ్ళు పట్టొచ్చు."

"ఏళ్ళా?"

"ఏళ్ళే" అన్నాను నేను. అబద్ధం ఆడటం నాకు అదే మొదలు. అక్క ఉంటే నా బదులు తనే ఆడేది.

ఆవిడ నన్ను చూసింది, బాబాయిని చూసింది, పెడలు మీద కుక్కను చూసింది. "గంప కొన్నాను దానికోసం. ఖాళీగా ఉంటే పిల్లి వచ్చి పడుకుంటోంది. రేపు మీ ఇంటికే పంపిస్తాలే" అని వెళ్ళిపోయింది.

బాబాయి భూతద్దం కట్టుకుని బయల్దేరారు. గేటు దగ్గర పిలిచాను. "బాబాయ్ గారూ, మీ సీసా."

"ఉంచు. నా దగ్గర ఇంకోటుంది" అన్నారు.

ఎందుకుందో చాలాకాలానికి పిన్ని చెప్పింది. "నీ ఒక్కదానికే అనుకున్నావా? సోమవారం రిటైరైన కాపలాదారు ఇంట్లో ఒకటి, మంగళవారం ఫోటోగ్రాఫరు వాళ్ళమ్మ దగ్గర ఒకటి, శనివారం బస్సెక్కి ఆ బుట్ట ముసలావిడ దగ్గరికి. తలుపు వేసుకున్నవాళ్ళ ఇంట్లోనే ఈయనకి పిడుదులు దొరుకుతాయి. నేను ఎప్పుడూ తలుపు తీసే ఉంచాను, అదీ నేను చేసిన పొరపాటు."

కొన్నేళ్ళు గడిచాక బాబాయి కళ్ళకు మసక వచ్చింది. ఆపరేషను చేసినా చూపు పూర్తిగా కుదరలేదు. దుకాణం మూసి, పదమూడు గడియారాలనూ ఇంటికి తెచ్చుకుని వాటి మధ్య కుర్చీ వేసుకున్నారు. వీధిలో కుక్క మొరిగినా లేవడం మానేశారు. "చూడలేనివాడు లేచి ఏం చేస్తాడే" అన్నారట. పిన్ని వచ్చి నాకు ఆ సంగతి చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, "పోనీ ఇప్పుడైనా నా తల చూడమందామంటే ఆ కళ్ళు కూడా లేవు" అంది.

గురువారం నాలుగింటికి బొత్తాంని గంపలో పెట్టుకుని వెళ్ళాను. అదీ ముసలిదైంది, మూతి మీద తెలుపులో తెలుపు కలిసి ఏది నెరిసిందో తెలియడం లేదు. బాబాయి ఒళ్ళో కూర్చోబెట్టాను. ఆయన చేతులు వాటంతట అవే చెవి మడతల్లోకి వెళ్ళాయి.

"ఏం లేవే. శుభ్రంగా ఉంది."

"సరిగ్గా చూడండి బాబాయ్ గారూ. ఒకటి ఉందని నా అనుమానం." ఆయనకు వీపు పెట్టి సీసా మూత తీశాను. "ఇదిగో, దొంగ."

తెల్లకాగితం మీద పెట్టి చేతికిచ్చాను. ఆయన భూతద్దం తెప్పించుకుని, కాగితం ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూశారు. పెదవులు మెల్లగా కదిలాయి. లెక్కపెడుతున్నారు. ఒక గోడ మీద మూడున్నర, ఇంకో గోడ మీద ఆరు. పైకప్పు మీద వెలుతురు చేపలు.

"స్పిరిట్ వాసనొస్తోంది" అన్నారు.

"దాంతోనే చేతులు కడుక్కున్నానండి."

"ఊఁ." కాగితం జాగ్రత్తగా నా చేతికిచ్చారు. "ఎడమవైపు రెండో కాలు లేదు. ఇలాంటివి ఒక పట్టాన వదలవు. వచ్చే గురువారం కూడా తీసుకురా."

"అలాగేనండి" అని లేవబోయాను.

"ఎక్కడికి? ఇంకా తోక చూడలేదు. ఒక్క నిమిషం కూర్చో."

కూర్చున్నాను. ఆ నిమిషం నాలుగేళ్ళు నడిచింది.